మొదటి పద్దు రాసేదెవరు? బ్లాక్‌చైన్‌ను ఆలూరు చేని గట్టు మీద నుంచి చూస్తే

2017 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూముల రికార్డులను బ్లాక్‌చైన్‌లో పెట్టి చూద్దామని స్వీడన్‌కు చెందిన క్రోమావే అనే కంపెనీతో చేతులు కలిపింది. రాజధాని అమరావతి భూముల కోసం హైదరాబాద్ కంపెనీ జెబి కూడా ఇలాంటి పనికే దిగింది. విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ, బ్లాక్‌చైన్ సదస్సు, పేపర్ల నిండా ఫొటోలు. అప్పటికి మనలో చాలామందిమి ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఉన్నాం. బ్లాక్‌చైన్ అంటే సైకిల్ చైన్ లాంటిదేమో అనుకునే వయసు.

ఇప్పుడు అదే మాట మనకు ఎలెక్టివ్ సబ్జెక్టుగా వచ్చింది. క్లాసులో ఎవరన్నా బ్లాక్‌చైన్ అన్నారంటే వెనక బెంచీ నుంచి "బిట్‌కాయిన్ ఎంతుంది మామా?" అనే ప్రశ్న వస్తుంది, ముందు బెంచీ నుంచి "మినీ ప్రాజెక్టుకు పనికొస్తుందా సార్?" అని. నేను ఈ సబ్జెక్టుకు కొత్త. నేర్చుకుంటూ నేర్చుకుంటూనే రాస్తున్నా. మాది కర్నూలు జిల్లా ఆలూరు పక్క కాబట్టి నాకు కాయిన్ రేటు కంటే ఆ 2017 నాటి ప్రయోగమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. మా దిక్కు ఆస్తి అంటే చేనే. చేను ఎవరిదో చెప్పేది పుస్తకం. ఆ పుస్తకాన్ని ఎవరూ దిద్దలేని గొలుసులో పెడతాం అంటే, మాటలు కాదు గదా.

సెలవుల్లో ఇదంతా మా చిన్నాయనకు చెప్పినాను. ఆయన బీడీ ఆర్పి ఒకటే అడిగినాడు: "అది సరేరా అబ్బీ, ఆ గొలుసులో మొదటి పద్దు రాసేదెవరు?"

పుస్తకాల్లో ఈ ప్రశ్నకు వేరే పేరుంది, దాన్ని తర్వాత చూద్దాం. ముందు గొలుసు సంగతి.

పుస్తకం ఎవరి చేతిలో

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలు అనే పేరు అట్లా వచ్చింది. వీటికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి చేను చేనూ కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క ఉండే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. ఆ మన్రోనే మద్రాసు గవర్నర్‌గా పర్యటనకు వచ్చి 1827 జూలైలో మా పక్కనున్న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఏ చేను ఎంత, ఎవరిది, శిస్తు ఎంత అని రాసి పెట్టే అలవాటు ఈ నేలలో ఆయన కాలం నుంచి గట్టిగా పాతుకుంది.

రాసింది మాత్రం మన్రో కాదు, కరణం. ఊరికి ఒక్కడు, వంశపారంపర్యంగా. అడంగల్ ఆయన దగ్గరే, శిస్తు లెక్క ఆయన దగ్గరే. కరణం మంచోడైతే ఊరికి లెక్క దక్కింది, కాకపోతే గట్టు ఒక రాత్రిలో జరిగింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. తర్వాత ఆ పుస్తకం గ్రామ అధికారుల చేతికి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి పోయింది. ఇప్పుడు దాని పేరు వెబ్‌ల్యాండ్. మనం ఫోన్లో చూసుకునే మీభూమి దానికి కిటికీ లాంటిది. కిటికీలోంచి చూడొచ్చు, దిద్దే తాళం లోపలి వాళ్ల దగ్గర ఉంటుంది.

ఆలూరుకు ఇంకో మెలిక ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆదోని, రాయదుర్గం కూడా అంతే. ఆ రోజున ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురంలోకి వచ్చాయి. అంటే మా తాతల నాటి కాగితాల మీద జిల్లా పేరే వేరు. పుస్తకం ఒకటే అనుకుంటాం గానీ, అది ఎన్ని చేతులు, ఎన్ని ఆఫీసులు, ఎన్ని రాష్ట్రాలు మారిందో చూస్తే "దిద్దలేని పుస్తకం" అనే మాట ఎందుకు అంత తియ్యగా వినిపిస్తుందో అర్థమవుతుంది.

గొలుసు ఎట్లా కడతారు

దీన్ని కాగితం మీద చేసి చూడొచ్చు. ఒక అంగడి ఖాతా పుస్తకం తీసుకుందాం. మూడు పేజీలు, మూడు పద్దులు: 500, 1200, 750. ప్రతి పేజీ కింద ఒక ముద్ర వేస్తాం. నియమం ఇది: ముందు పేజీ ముద్రను 7తో గుణించు, ఈ పేజీ మొత్తం కలుపు, 97తో భాగించు, మిగిలిన శేషమే ఈ పేజీ ముద్ర. మొదటి పేజీకి ముందు ఏమీ లేదు కాబట్టి అక్కడ సున్నా.

మొదటి పేజీ: 500ను 97తో భాగిస్తే శేషం 15. రెండో పేజీ: 15 × 7 + 1200 = 1305, శేషం 44. మూడోది: 44 × 7 + 750 = 1058, శేషం 88. ముద్రలు 15, 44, 88.

ఇప్పుడు ఎవడో రాత్రిపూట వచ్చి మొదటి పేజీలో 500ను 300 చేశాడనుకుందాం. ఆ పేజీ ముద్ర 9 అయిపోతుంది. రెండో పేజీది 2. మూడోది 85. అతను ముట్టుకున్నది ఒక్క పేజీ, చెడింది మూడు ముద్రలు. పుస్తకానికి వంద పేజీలుంటే ఆ వందా తిరగరాయాలి. బ్లాక్‌చైన్‌లో గొలుసు అనేది ఇదే: ప్రతి పేజీ తన ముందు పేజీ ముద్రను మోస్తుంది.

మన బొమ్మ ముద్రలో ఒక పెద్ద కంత ఉంది, తెలివైనోళ్లు ఈపాటికే పట్టేసి ఉంటారు. 500ను 597 చేస్తే శేషం మళ్లీ 15 వస్తుంది, ఎవరికీ తెలియదు. అందుకే బిట్‌కాయిన్‌లో షా-256 అనే ముద్ర వాడతారు. దాంట్లో వచ్చే అవకాశాల సంఖ్యను మామూలుగా రాస్తే 78 అంకెలు పడుతుంది. ఒకే ముద్ర వచ్చే రెండో పద్దును వెతికి పట్టుకోవడానికి ఇప్పటిదాకా ఎవరికీ దారి దొరకలేదు. ఇన్‌పుట్‌లో ఒక్క కామా మారినా ముద్ర మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

కానీ ముద్ర ఒక్కటే చాలదు. పుస్తకం ఒకడి దగ్గరే ఉంటే, వాడు ఖాళీగా కూర్చుని వంద పేజీలూ తిరగరాసి కొత్త ముద్రలు వేసేయొచ్చు. కంప్యూటర్‌కు అదెంత పని? కాబట్టి రెండో ఏర్పాటు: నకళ్లు. ఒకే పుస్తకం వేల మంది దగ్గర ఉంటుంది. ఒకడు దిద్దితే మిగతా వాళ్ల పుస్తకాలతో సరిపోదు. బిట్‌కాయిన్ అయితే దీనికి మూడో అడ్డు కూడా పెట్టింది. కొత్త పేజీ చేర్చాలంటే దాని ముద్ర ఒక హద్దు కంటే చిన్నదిగా వచ్చేదాకా అంకెలు మార్చి మార్చి ప్రయత్నించాలి. దీనికి అడ్డదారి లేదు, కరెంటు కాల్చాల్సిందే. సగటున పది నిమిషాలకు ఒక పేజీ దొరికేలా ఆ హద్దు తనంతట తానే సర్దుకుంటుంది. దొరకబుచ్చుకున్న వాడికి కొత్త కాయిన్లు బహుమానం. 2024 ఏప్రిల్ నుంచి అది పేజీకి 3.125 కాయిన్లు. దీన్నే మైనింగ్ అంటున్నారు. మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేన్లలో తొలకరి వాన పడగానే జనం వజ్రాల కోసం వెతుకుతారే, కొంచెం ఆ పద్ధతే: పని అందరిదీ, దొరికేది ఒకరికి. ఈ కరెంటు ఖర్చు లేకుండా కూడా నడపొచ్చని ఎథీరియం 2022 సెప్టెంబర్‌లో వేరే పద్ధతికి మారింది. దాని వివరాల్లోకి ఇప్పుడు పోను.

నకళ్ల విలువ తెలియాలంటే మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఎట్లా అంటుకుంది, ఎవరు అంటించారు అనేది పోలీసుల సంగతి. మన సబ్జెక్టు వరకు చూసుకుంటే, కాగితం ఒకే గదిలో ఉన్నప్పుడు ఒక్క రాత్రి చాలు. అదే ఫైలు నాలుగు చోట్ల, నాలుగు వేర్వేరు అధికారాల కింద ఉంటే అంత సులభం కాదు.

కాయిన్ వేరు, చేను వేరు

చిన్నాయన ప్రశ్న ఇక్కడే తగులుతుంది.

బిట్‌కాయిన్‌లో మొదటి పద్దు ఎవరు రాశారో అందరికీ తెలుసు. సతోషీ నకమోతో అనే పేరుతో 2008 అక్టోబర్ 31న ఒక పేపర్ వచ్చింది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ తయారైంది, 50 కాయిన్లతో. ఆ మనిషి ఎవరో ఈరోజుకీ తేలలేదు గానీ, తేలకపోయినా నష్టం లేదు. ఎందుకంటే కాయిన్ పుట్టిందే ఆ పుస్తకంలో. పుస్తకం బయట బిట్‌కాయిన్ అనేది లేనే లేదు. పుస్తకంలో నాకు రెండు కాయిన్లు ఉన్నాయని ఉంటే ఉన్నట్టే, లేదంటే లేనట్టే. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు అనే నియమం కూడా ఆ పుస్తకం లోపలిదే. అక్కడ రాత, వాస్తవం రెండూ ఒకటే.

చేను అట్లా కాదు. చేను నేల మీద ఉంది, పుస్తకంలో ఉన్నది దాని గురించి ఎవరో చెప్పిన మాట. ఆ మాట తప్పైతే, షా-256 ఆ తప్పునే భద్రంగా దాచిపెడుతుంది. పుస్తకాల్లో దీన్ని ఒరాకిల్ సమస్య అంటారు. బయటి ప్రపంచపు సంగతిని గొలుసులోకి చేర్చేవాణ్ణి గొలుసు పరీక్షించలేదు. చిన్నాయన అడిగింది ఇదే.

ఒక రైతును ఊహించుకుందాం, పేరు రంగన్న. తాత పేరు మీద ఎనిమిది ఎకరాల నల్లరేగడి. తాత పోయాక ముగ్గురు కొడుకులు ఊరి పెద్దల ముందు నోటి మాటగా పంచుకుని గట్ల మీద రాళ్లు పాతుకున్నారు. ఒకాయన కూతురి పెళ్లికి తన వాటాలో రెండెకరాలు తెల్ల కాగితం మీద రాసి అమ్మేశాడు. రిజిస్ట్రేషన్ లేదు, సాక్షులు ఇద్దరు, వాళ్లలో ఒకరు ఇప్పుడు లేరు. ఇంకో ఆయన కొడుకులు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నారు. రంగన్న తండ్రి వాటాను రంగన్న చేస్తున్నాడు, పత్తి కొన్నేండ్లు, శనగ కొన్నేండ్లు. వానలు ముఖం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు పక్క మిరప కోతలకు, అంటే సుగ్గికి పోతాడు. రికార్డులో ఇప్పటికీ తాత పేరే ఉంది.

ఇది కల్పన. అయితే రాయలసీమ పల్లెల నుంచి వచ్చిన మిత్రులకు ఇందులో ఏ ఒక్క ముక్కా వింతగా అనిపించదు. ఇప్పుడు రేపు పొద్దున ఈ ఊరి రికార్డును బ్లాక్‌చైన్‌లోకి ఎక్కిస్తాం అనుకోండి. మొదటి బ్లాక్‌లో ఏం రాస్తాం? తాత పేరా? రెండెకరాలు కొన్నాయన పేరు ఎక్కడ? రంగన్న ఎక్కడ? ఏది రాస్తే అది చెక్కిన రాత అయిపోతుంది. ఇప్పుడు ఉన్న పుస్తకంలో తప్పును దిద్దించుకోవడానికి రంగన్న తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. గొలుసులో అయితే దిద్దడం ఉండదు, ఎదురు పద్దు వేయాలి. అది మంచిదే, పాత రాత కూడా కనిపిస్తుంది. కానీ ఆ ఎదురు పద్దు వేసే అధికారం మళ్లీ ఎవరికో ఒకరికి ఉండాలి.

పేరు లేకపోతే పోయేది పేరొక్కటే కాదు. 1-బి లేకుండా బ్యాంకులో పంట రుణం కష్టం. ఈ-క్రాప్‌లో పంట ఎక్కకపోతే బీమా కష్టం. ఏడాదికి 6000 ఇచ్చే పీఎం కిసాన్‌కు కూడా భూమి రికార్డే ఆధారం. చేను సొంతమే, సేద్యం సొంతమే, సర్కారు లెక్కలో మాత్రం మనిషి లేడు.

బ్లాక్‌చైన్ అభిమానులు ఇక్కడ ఒక మంచి వాదన చేస్తారు, దాన్ని కొట్టిపారేయకూడదు. ఒకే చేనును ఇద్దరికి అమ్మడం మన వైపు పాత మోసం. ఒకే కాయిన్‌ను రెండుసార్లు ఖర్చు పెట్టకుండా ఆపడమే సతోషీ పేపర్ పరిష్కరించిన అసలు సమస్య. రెండూ ఒకటే లెక్క. మన దేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును, హక్కును కాదు. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందా అనేది కొనేవాడే చూసుకోవాలి. ప్రతి అమ్మకమూ గొలుసులోనే జరగాలి అని నియమం పెడితే రెండో అమ్మకం ఎక్కనే ఎక్కదు. నిజమే. అయితే తెల్ల కాగితం మీద జరిగిన అమ్మకం గొలుసుకు కనపడదు. కనపడాలంటే రిజిస్ట్రేషన్ ఖర్చు పేదోడు భరించగలగాలి, ఆఫీసుకు పోతే ఒక్క రోజులో పని కావాలి. అది సాఫ్ట్‌వేర్ విషయం కాదప్పా.

హక్కునే నమోదు చేద్దాం, ప్రభుత్వమే దానికి పూచీ ఉంటుంది అనే ఆలోచనతో ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కుల చట్టం తెచ్చారు, ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అని పేపర్లో చదివే ఉంటారు. 2023లో అమల్లోకి వచ్చింది. వివాదం వస్తే సివిల్ కోర్టుకు పోయే దారి మూసి, టైటిల్ అధికారులు, ట్రిబ్యునళ్ల చేతిలో పెట్టారని లాయర్లు ఆందోళనకు దిగారు. 2024 ఎన్నికల్లో అది పెద్ద గొడవ అయింది, కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అనే వాదన ఈ వ్యాసం పని కాదు. చూడండి, అంత రగడ జరిగింది ఏ టెక్నాలజీ గురించీ కాదు. రాసే అధికారం ఎవరిది, రాసింది తప్పైతే ఎవరిని అడగాలి, అంతే.

ఇంకో చిక్కు: తాళం చెవి. బిట్‌కాయిన్‌లో కాయిన్ నీదని చెప్పేది నీ దగ్గరున్న రహస్య సంఖ్య. అది పోతే కాయిన్ పోయినట్టే. పోలీసు స్టేషన్ లేదు, కస్టమర్ కేర్ లేదు. ఆ పద్ధతినే చేనుకు పెడితే, రంగన్న ఫోను బావిలో పడితే చేను కూడా పడిపోయినట్టా? ఎవరూ ఒప్పుకోరు. అందుకని పోయిన తాళం చెవిని తిరిగి ఇచ్చే అధికారి ఒకరిని పెడతారు. తండ్రి చనిపోతే కొడుకుల పేరు ఎక్కించే అధికారం, కోర్టు తీర్పు వస్తే దాని ప్రకారం మార్చే అధికారం కూడా ఆయనకే ఇవ్వాలి. ఇన్ని ఇచ్చాక ఒకసారి ఆయన ముఖం చూడండి. కరణమే కదా, లాగిన్ ఐడీతో తిరిగొచ్చాడు.

అందుకే నా ఉద్దేశంలో బ్లాక్‌చైన్‌కు చేను కంటే చీటీలే బాగా నప్పుతాయి. తెలంగాణలో చిట్ ఫండ్ కంపెనీల లెక్కల కోసం టీ-చిట్స్ అనే బ్లాక్‌చైన్ వ్యవస్థ నడుస్తోంది, చిట్‌మాంక్స్ అనే స్టార్టప్ తయారుచేసింది. చీటీలో జరిగేదంతా లెక్కే: ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంతకు పాడుకున్నారు, డివిడెండ్ ఎంత. ప్రతి పద్దూ రాసేటప్పుడే అవతలి పక్షం అక్కడే ఉంటుంది, తప్పైతే అప్పుడే అరుస్తుంది. వందేండ్ల కిందటి గట్టు తగాదాను మొదటి పేజీలో తేల్చాల్సిన పని లేదు.

యాప్‌లో కనిపించేది గొలుసు కాదు

ఇదే ప్రశ్నను మన హాస్టల్ గదుల్లోకి కూడా తీసుకుపోవచ్చు. కొందరు పాకెట్ మనీతో, కొందరు ఇంట్లో ఫీజుకు పంపిన డబ్బుతో కాయిన్లు కొంటున్నారు. యాప్‌లో "నీ దగ్గర ఇంత ఉంది" అని కనిపించే అంకె బ్లాక్‌చైన్‌లోది కాదు. అది ఆ ఎక్స్‌చేంజీ కంపెనీ సొంత ఖాతా పుస్తకంలోని పద్దు. అసలు కాయిన్ల తాళం చెవులు కంపెనీ దగ్గర ఉంటాయి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయినప్పుడు ఇది దేశమంతా తెలిసొచ్చింది. గొలుసు ఎక్కడా తెగలేదు, దొంగ పద్దు కూడా అందులో చక్కగా నమోదైంది. ఖాతాదారుల డబ్బు మాత్రం నెలల తరబడి చిక్కుకుపోయింది.

ఇంకా ఘోరం వన్‌కాయిన్. 2014లో మొదలై ప్రపంచమంతా వేల కోట్ల రూపాయలు వసూలు చేసింది. దాని వెనక అసలు బ్లాక్‌చైనే లేదని తర్వాత అమెరికా కోర్టు కేసుల్లో బయటపడింది. కంపెనీ తన ఇష్టం వచ్చిన రేటు తనే రాసుకుంది. "మనోడు చేర్చినాడు, ఇంకో ఇద్దరిని చేరిస్తే కమీషన్" అనే మాట ఎక్కడ విన్నా, ఆ పుస్తకం నకలు నేను చూడొచ్చా అని అడగండి. చూపించలేకపోతే అది గొలుసు చీటీ, గొలుసు పుస్తకం కాదు.

మన దేశంలో లెక్క ఇట్లా ఉంది: 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి దూరంగా ఉండాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, 2020 మార్చిలో సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకోవడానికి వీల్లేదు. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం పూచీ ఉందని మనోళ్లు కొందరు అనుకుంటున్నారు, లేదు.

మరి చేనుకు అక్కరే లేదా?

ఉంది. అయితే చెప్పినంత పెద్దది కాదు, చెప్పనంత చిన్నదీ కాదు. గొలుసు చేయగలిగిన పని ఒకటి ఖచ్చితంగా ఉంది: ఫలానా రోజు ఈ పుస్తకం ఇట్లా ఉండింది అని రుజువు చేయడం. వెనక తేదీ వేసి దిద్దడాన్ని పట్టుకోవడం. జార్జియా దేశం 2016లో మొదలుపెట్టి ఇదే చేసింది. భూముల రికార్డు వాళ్ల మామూలు డేటాబేస్‌లోనే ఉంటుంది, దాని ముద్రలను మాత్రం బిట్‌కాయిన్ గొలుసులో వేశారు. హక్కు ఎవరిదో గొలుసు చెప్పదు. రాత మారిందా లేదా అనేది మాత్రం చెబుతుంది.

దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదని నాకు అనిపిస్తుంది. ప్రతిరోజూ సాయంత్రం ఒక ఊరి 1-బి మొత్తానికి షా-256 ముద్ర తీస్తే వచ్చేది 64 అక్షరాలు. వాటిని గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద చాక్‌పీసుతో రాయొచ్చు. బ్యాంకు బ్రాంచిలో ఒక నకలు, కోర్టులో ఒక నకలు, పక్క మండలం పంచాయతీలో ఒకటి. ఎవడో ఒక బీటెక్ పిల్లోడు ఫోన్లో ఫొటో తీసుకుని పోయినా చాలు, అదీ ఒక నకలే. ఇక వెనక తేదీతో దిద్దాలంటే ఆ బోర్డులను, ఆ ఫోన్లను అన్నింటినీ దిద్దాలి. నకళ్లన్నీ ఒకే శాఖ సర్వర్లలో పెట్టి దాన్ని బ్లాక్‌చైన్ అంటే మాత్రం, అది ఖరీదైన డేటాబేస్. 2017 నుంచి ఇప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన ప్రకటనలు చదివేటప్పుడు నేను వెతికేది ఈ ఒక్క వాక్యమే: నకలు ఎవరెవరి దగ్గర ఉంటుంది?

మొదటి పద్దు మాత్రం కాళ్లతో నడిచి రాయాల్సిందే. 2020 డిసెంబర్ 21న రాష్ట్రంలో మొదలైన రీసర్వే ఆ పనే. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే స్టేషన్లు పెట్టారు. కొలత అంగుళాల్లో వచ్చింది. అయినా చాలా ఊర్లలో విస్తీర్ణం తగ్గిందని, ఇద్దరు ముగ్గురు రైతుల చేన్లు కలిపి ఒకే నంబర్ ఇచ్చారని ఫిర్యాదులు వచ్చి, కొత్త ప్రభుత్వం మళ్లీ గ్రామ సభలు పెట్టాల్సి వచ్చింది. గట్టు ఎక్కడుందో డ్రోన్‌కు కనపడుతుంది. ఆ గట్టును ఎవరు, ఎప్పుడు, ఏ మాట మీద వేశారో దానికి తెలియదు, అది పక్క చేని ముసలాయనకు తెలుసు. రీసర్వే రోజున ఆయన ఊర్లో ఉండాలి. రంగన్న కూడా ఉండాలి, సుగ్గిలో కాదు.

కౌలుదారు సంగతి ఇంకా వేరు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇవ్వొచ్చు, కానీ భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే రేపు హక్కు అడుగుతాడేమో అని యజమాని భయం. కాబట్టి దున్నేవాడి పేరు చాలా చోట్ల ఏ పుస్తకంలోనూ ఉండదు, మన్రో పుస్తకం పద్ధతిలోనూ, వెబ్‌ల్యాండ్‌లోనూ, రేపటి గొలుసులోనూ.

ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు వీలైతే ఒక పని చేయండి. మీభూమిలో మీ ఇంటి 1-బి, అడంగల్ తీసి ప్రింట్ పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీసుకుని ఆ రెండింటితో పోల్చండి. సర్వే నంబర్ పక్కన ఉండే సబ్ డివిజన్ అక్షరం కూడా సరిగ్గా ఇవ్వాలి, లేకపోతే ఈసీలో అమ్మకాలు ఉన్నా లేనట్టు రావచ్చు. మీ ఊర్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబర్, కొత్త ఎల్‌పీ నంబర్ రెండూ ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి. అవ్వో తాతో ఉంటే ఆ కాగితాన్ని వాళ్ల పక్కన కూర్చుని చదవండి, ఏ గట్టు ఎవరు వేశారో అడిగి, తేదీ వేసి, పక్కనే రాసుకోండి.